బారూకు రెండవ గ్రంథము



యిర్మీయా 36వ అధ్యాయములో బారూకు అనే లేఖకుడున్నాడు. ప్రవక్త చెప్పగా సిరాతో వ్రాశాడు. యెహోయాకీము రాజు చలికాలములో కుంపటి ముందు కూర్చుండి, ఆ గ్రంథమును చాకుతో కోసి నిప్పులో వేశాడు. దేవుడేమో మరల వ్రాయించమన్నాడు. రెండవసారి వ్రాసినప్పుడు మొదట లేని మాటలు అనేకము చేరినవని చివరి వచనము చెప్తుంది.

1812 మార్చి 11 రాత్రి బెంగాలులోని శ్రీరాంపూరు ముద్రణాలయము తగలబడింది. విలియం కేరీగారు వ్రాసిన తెలుగు వ్యాకరణము కాలిపోయింది. మన భాషది! ఆయన మరల కూర్చున్నారు. 1814లో అది అచ్చయింది.

నాకూ ఒక బారూకు ఉండేవాడు. జీతమడగడు, అలగడు. నా పాత కంప్యూటరు! సెమినరీ నుండి వచ్చిన కొత్తలో, 2004లో, తాడేపల్లిగూడెంలో కొని, మానిటరు ఒడిలో పెట్టుకొని బస్సులో అత్తిలి తెచ్చుకున్నాను. కంప్యూటరు కొంటే పాస్టరుగారు గది విడిచి రారని కొందరన్నారు. నన్ను మాత్రం అది ఇండ్లకు పంపింది. టైపు చేయడానికి ఏదో ఒకటి కావాలి కదా! సాయంకాలము ఊడ్పుల నుండి వచ్చిన తల్లుల దగ్గర కూర్చుండి వారి సాక్ష్యములు విని, రాత్రి కరెంటు ఉన్నంతసేపు ఎక్కించేవాడిని.

ఒక తల్లి 1986 గోదావరి వరదలో లంక విడిచి వస్తూ, బియ్యము వదిలేసి బైబిలు నెత్తిన పెట్టుకొని గట్టెక్కిందట. అదీ ఎక్కించాను.

కొన్నేళ్లకు ఒక వేసవిలో కరెంటు హెచ్చుతగ్గులకు హార్డ్ డిస్కు పోయింది. రిపేరు కుర్రవాడు రెండు రోజులు కుస్తీపట్టి చేతులెత్తేశాడు. ప్రసంగాలకు నేను బెంగపడలేదు. వాక్యమున్నది, మరల వ్రాసుకోవచ్చు. సాక్ష్యములిచ్చిన పెద్దలలో సగముమంది అప్పటికే ప్రభువునందు నిద్రించారు. వారిని ఎక్కడ అడగను?

నోటుపుస్తకము పట్టుకొని వారి పిల్లల దగ్గరకు వెళ్ళాను. వరదలో బైబిలు మోసిన ఆ తల్లి కుమార్తె నవ్వి, "అయ్యగారూ, మా అమ్మకి చదువు రాదండి. మీకు చెప్పలేదా?" అన్నది. చెప్పలేదు. "రోజూ రాత్రి నాచేత చదివించుకునేదండి. అందుకేనండి, కూలి మానిపించి నన్ను బడికి పంపింది."

మొదటి ఫైలులో ఈ మాట లేదు. ఆ కుమార్తే ఇప్పుడు మా సంఘములో ఆదివారము వాక్యపఠనము చేస్తున్నది.

తలలు వంచి ప్రార్థించుకుందాము.