మొహం ఒక పక్కే నొస్తే ఊకోవద్దు

(వాడ మీటింగులో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



నేను బడిపంతుల్ని, డాక్టర్ని కాను. నా ఇంట్లో జరిగింది చెబుతాను, వినండి.

2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు 'బ్లాక్ ఫంగస్' పేరు అందరం విన్నాం. డాక్టర్లు మ్యూకర్‌మైకోసిస్ అంటారు. ఆ మే నెలలో తెలంగాణ సర్కారు దీన్ని తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ దవాఖానలో వైద్యం పెట్టింది.

అప్పుడే మా చిన్నమ్మకు కరోనా తగ్గింది. తర్వాత పైపన్ను నొప్పి అన్నది. పంటినొప్పేలే అనుకున్నం. జ్వరానికి స్టెరాయిడ్ గోళీలు మింగింది. షుగర్ ఉన్న సంగతి ఆమెకూ తెల్వదు, మాకూ తెల్వదు. కన్ను వాచి రెప్ప వాలినంక పట్నం తీసుకపోయినం. ప్రాణం దక్కింది, కన్ను పోయింది.

ఈ బూజు ఎక్కడిదో కాదు. మట్టిలో, పెంటకుప్పలో, కుళ్లిన ఆకుల్లో ఉండేదే. రోజూ పీలుస్తనే ఉంటం. ఒంట్లో తట్టుకునే శక్తి ఉంటే మామూలుగా ఏమీ చేయదు. షుగర్ అదుపు తప్పినోళ్లు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినోళ్లు, క్యాన్సర్ మందులు తీసుకునేటోళ్లు జాగ్రత్త. వాళ్ల ముక్కు చుట్టున్న ఎముక గదుల్లో ఇది పాతుకుంటది. రక్తనాళాల్లో దూరి రక్తాన్ని ఆపుతది. రక్తం అందని కండ చచ్చి నల్లబడతది. ఆ నలుపు బూజుది కాదు, చచ్చిన కండది. అక్కణ్ణించి కంటికి, మెదడుకు పాకుతది.

ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. అయినా చిన్నమ్మ ఇంటికొస్తే ఆమెకు వేరే గ్లాసు పెట్టింది ఊరోళ్లు కాదు, మన వాడోళ్లే! రెండు గ్లాసుల బాధ తెలిసిన మనమే అట్ల చేస్తే ఇంకెవరికి చెప్పుకుంటం?

గుర్తులు యాదిపెట్టుకోండి: మొహం ఒకపక్క నొప్పి, వాపు, తిమ్మిరి, ముక్కులోంచి నల్లటి చెక్కు, రక్తం, పైపళ్లు కదలడం, అంగిట్లో నల్ల మచ్చ, ఒకటి రెండుగా కనపడటం. షుగర్ ఉన్నోళ్లకు వీటిలో ఒక్కటి కనపడ్డా తెల్లారేదాకా ఆగొద్దు. ఈఎన్‌టీ డాక్టరున్న పెద్ద దవాఖానకు పోవాలె. చచ్చిన కండను కోసి తీస్తారు, ఆంఫోటెరిసిన్ ఎక్కిస్తారు, షుగర్ దించుతారు. ఈ మూడూ జరగాలె. ఆలస్యమైతే కన్నో ప్రాణమో పోతది.

కరోనా సద్దుమణిగింది గానీ ఈ జబ్బు పోలేదు. కరోనాకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందుకే రెండు మాటలు. డాక్టరు రాయకుండా స్టెరాయిడ్ గోళీ మింగొద్దు. ముప్పై దాటినోళ్లంతా సర్కారు దవాఖానలో షుగర్ పరీక్ష చేయించుకోవాలె. అక్కడ పరీక్ష చేయమంటే ఒక్కరం కాదు, వాడంతా కలిసి పోయి అడుగుదాం. రేపు పొద్దున నేను వస్తున్నా. మీలో ఎవరొస్తరు? చేతులెత్తండి.