మూడవ యభ్యర్థియు మన యోటును

(హసన్‌పర్తి సభలో గావించిన యుపన్యాసము)

ఎన్నికలలో మూడవవాడు నిలిచినంతనే "ఓట్లు చీల్చువాడు" అని నిందించుట మనకు పరిపాటి. ఈ నింద న్యాయమేనా?

1984లో మన హనుమకొండ లోక్‌సభ స్థానమున తెలుగుదేశము తాను నిలువక భారతీయ జనతాపార్టీకి తోడ్పడెను. కాంగ్రెసు వ్యతిరేకుల బలము చీలలేదు. పి.వి. నరసింహారావుగారంతటివారిని చందుపట్ల జంగారెడ్డిగారు జయించిరి. దేశమంతట నాడు ఆ పార్టీకి దక్కిన రెండు స్థానములలో ఇది యొకటి.

2009లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ యెన్నికలలో ఇందుకు భిన్నముగా జరిగెను. కాంగ్రెసునకు నూటికి 36కు, తెలుగుదేశమునకు 28కి, క్రొత్తగా వచ్చిన ప్రజారాజ్యమునకు 16కు పైబడి యోట్లు వచ్చెను. 294 స్థానములలో కాంగ్రెసు 156 గెలిచెను. ప్రజారాజ్యమునకు దక్కినవి 18. ఆ పార్టీ లేకున్నచో దాని యోట్లన్నియు తెలుగుదేశమునకే పడెడివని చెప్పజాలము. కొన్ని కాంగ్రెసునకు పోయెడివి. కొన్ని పడకయే యుండెడివి.

కావున నిలిచినవానిని నిందింప బనిలేదు. సగము రాకున్నను తక్కినవారికంటె నెక్కువ వచ్చినవాడే గెలుచునను పద్ధతియందే దోషమున్నది. రాష్ట్రపతి యెన్నికలో శాసనసభ్యులు అభ్యర్థులను వరుసక్రమమున గుర్తింతురు. మొదట కోరినవాడు తొలగినచో ఆ యోటు రెండవవానికి చేరును. వారికున్న యీ సౌకర్యము, వారి నెన్నుకొను మనకేల లేదు? నిలుచువాని హక్కు నడ్డగింపకుడు. లెక్కించు పద్ధతిని మార్చుమని యడుగుడు.