ఫోటో వెనుక పేరు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



భాషను గూర్చి, భజనలను గూర్చి, పండుగలను గూర్చి పెద్దలు ఈ వేదిక మీద ఎన్నో చెప్పారు. నేను మనవి చేయదలచింది వాటితో పోలిస్తే చిన్న విషయం. కంప్యూటరులో ఒక ఫోటోను సరిచేసి ఎక్స్‌పోర్టు చేసేటప్పుడు, అందులో వ్రాసి దాచిన పేర్లు, తేదీలు ఊడిపోకుండా చూసుకోవటం ఎలాగన్నదే ఆ విషయం. ఇది ఫోటో స్టూడియోవారికి సంబంధించిన సంగతి గదా అనుకోవచ్చు. మన వంటి కుటుంబాలకు దీనితో ఎంత పని ఉందో ముందు చెబుతాను.

1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల వరకు సుమారు 4,50,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఈ మారిషస్ ద్వీపానికి వచ్చారు. మద్రాసు, విశాఖపట్నం, కోరంగి రేవులలో ఓడలెక్కిన మన పెద్దలు వారిలో ఉన్నారు. ఆ కోరంగి పేరు మీదనే ఇక్కడివారు మనలను కొరంగీలన్నారు. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు రిజిస్టరులో వ్రాసుకున్నారు. 1860 దశకం నుంచి ఫోటోలు కూడా తీశారు. 1867 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన పాత కూలీ సైతం తన ఫోటో ఉన్న టిక్కెట్టు వెంట పెట్టుకొని తిరగవలసి వచ్చింది.

ఆ ఫోటోలు ప్రేమతో తీసినవి కావు, కాపలా కోసం తీసినవి. అయినా ఫోటోకూ సంఖ్యకూ, సంఖ్యకూ రిజిస్టరుకూ ఉన్న లంకె తెగలేదు. అందువల్లనే, మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ సంస్థవారు భద్రపరచిన ఆ పత్రాలలో నేటికీ ఒక మునిమనుమడు తన ముత్తాత ముఖాన్ని, ఆయన పుట్టిన ఊరిని కనుక్కోగలుగుతున్నాడు. అదే రిజిస్టరులో మన తెలుగు ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. కాలక్రమాన మన కుటుంబాలు చాలావాటిలో తాతగారి పేరే ఇంటిపేరైపోయింది. గడి ఉన్నది నిలిచింది, గడి లేనిది పోయింది.

ఇక మన ఇళ్ళలోని ఫోటోల సంగతి చూడండి. పెళ్ళిళ్ళు, రామభజనలు, అమ్మోరు పండుగలు, అన్నీ ప్రేమతో తీయించుకున్నవే. కాని వెనుక పేరు వ్రాసి ఉంచినవి ఎన్ని? నాయనమ్మ బ్రతికి ఉన్నంతకాలం ఆమే మనకు రిజిస్టరు. ఆమె వెళ్ళిపోతే ఆ ముఖాలకు పేర్లు చెప్పేవారుండరు.

ఈనాటి పిల్లలు ఆ ఫోటోలను స్కాన్ చేస్తున్నారు. చాలా సంతోషం. ఫోటో ఫైలులో బొమ్మతో బాటు వివరాలు వ్రాసుకునే గడులుంటాయి. ఈ వివరాలనే మెటాడేటా అంటారు. వీటిలో మూడు పద్ధతులు ముఖ్యం. మొదటిది ఎగ్జిఫ్. 1995లో జపాను పరిశ్రమలవారు ఏర్పరచిన ఈ పద్ధతిలో తీసిన తేదీ, కెమెరా వివరం, కొన్నిటిలో స్థలం తమంతట తామే నమోదవుతాయి. రెండవది ఐ.పి.టి.సి. ఇది వార్తాసంస్థల అవసరానికి పుట్టింది. ఫోటోలో ఎవరున్నారు, ఎక్కడ, ఎవరు తీశారు అన్నవి ఇందులో వ్రాయవచ్చు. మూడవది ఎక్స్.ఎం.పి. అడోబి సంస్థ 2001లో తెచ్చిన ఈ పద్ధతి 2012లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎగ్జిఫ్ వర్ణన గడి చాలా కాలం ఇంగ్లీషు అక్షరాలకే పరిమితం. ఎక్స్.ఎం.పి.లో తెలుగు లిపి చక్కగా నిలుస్తుంది. మన పిల్లల్లో తెలుగు చదవలేనివారున్నారు గనుక రెండు లిపుల్లోనూ వ్రాయమని నా సలహా.

ఇంకొక జాగ్రత్త. పాత ఫోటోను స్కాన్ చేస్తే ఫైలులో పడేది సాధారణంగా స్కాన్ చేసిన రోజు. 1952 నాటి పెళ్ళి ఈ ఏటి పెళ్ళిగా కనిపిస్తుంది. అసలు తేదీని మనమే సరిచేయాలి. సంవత్సరం మాత్రమే తెలిస్తే వర్ణనలో అంతవరకే వ్రాయాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాము. ఒక పెళ్ళి ఫోటోలో పధ్నాలుగు మంది ఉన్నారనుకోండి. నాయనమ్మ ఒక్కొక్కరి పేరూ చెప్పింది, మనుమరాలు వర్ణన గడిలో వ్రాసింది. తరువాత మరకలు తుడిచి, వెలుగు సరిచేసి, ఎక్స్‌పోర్టు చేసి బంధువులందరికీ పంపింది. ఎక్స్‌పోర్టు అంటే కొత్త ఫైలు పుట్టటం. ఆ కొత్త ఫైలులోకి ఏ వివరాలు వెళ్ళాలో నిర్ణయించేది కిటికీలో ఒక మూలనున్న ఒక్క వరుస. దాన్ని చూడకపోతే బొమ్మ వెళుతుంది, పేర్లు వెళ్ళకపోవచ్చు. ఫోటో మునుపటికన్నా అందంగానే ఉంటుంది గనుక పోయిన సంగతి ఎవరికీ తెలియదు.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎక్స్‌పోర్టు కిటికీలో మెటాడేటా అనే భాగం ఉంది. అక్కడ కాపీరైట్ ఓన్లీ అని ఉంటే పేర్లు పోతాయి. ఆల్ మెటాడేటా ఎంచుకోవాలి. దాని క్రిందనే మనుషుల వివరాలు, స్థలం వివరాలు తీసివేసే రెండు గడులున్నాయి. ముఖాలకు పేర్లు తగిలించినవారు మొదటి గడిలో టిక్కు లేకుండా చూసుకోవాలి. ఫోటోషాప్‌లో ఎక్స్‌పోర్ట్ యాజ్ అనే దారిలో వెళితే కాపీరైటు, చిరునామా వివరాలకు మించి దాటనివ్వదు. భద్రపరచే ప్రతికి సేవ్ యాజ్ గాని, సేవ్ ఎ కాపీ గాని వాడటం మేలు. ఉచితంగా లభించే గింప్‌లో జేపెగ్ ఎక్స్‌పోర్టు చేసేటప్పుడు ఎగ్జిఫ్, ఎక్స్.ఎం.పి., ఐ.పి.టి.సి. అని మూడు గడులు కనిపిస్తాయి. మూడింటికీ టిక్కు ఉండాలి.

పని అయిన తరువాత కొత్త ఫైలును మరొకసారి తెరచి పేర్లు ఉన్నవో లేవో చూడండి. అర నిమిషం పని. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఈ వివరాలు రాలిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. పేర్లు ఇప్పటికే పోయి, పాత ఫైలు మిగిలి ఉంటే నిరాశ అక్కరలేదు. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాధనం ఒక ఫైలులోని వివరాలను మరొకదానిలోకి ఎక్కించగలదు. అందుకే మొదటి స్కాన్‌ను ఎన్నడూ చెరపవద్దు.

అన్ని వివరాలూ అందరికీ చూపవలసినవి కావన్నది కూడా నిజమే. ఫోనుతో తీసిన ఫోటోలో మీ ఇల్లు ఎక్కడుందో తెలిసిపోవచ్చు. కనుక రెండు ప్రతులు చేయండి. ఇంట్లో దాచేదానిలో సమస్తం ఉంచండి. నలుగురికీ పంపేదానిలో స్థలం తీసివేసి, పేర్లు, సంవత్సరం ఉంచండి. మన పూర్వుల ఫోటోలలో ఏముండాలో అధికారులు నిర్ణయించారు, మన ఫోటోలలో ఏముండాలో నిర్ణయించే అధికారం మనకుంది.

కంప్యూటరు మీదనే భారం వేయవద్దు. ముఖ్యమైన ఫోటోలను అచ్చు వేయించి, మెత్తని పెన్సిలుతో వెనుక పేర్లు వ్రాసి ఉంచండి. పెద్దలకు నా విన్నపం ఒకటే. మీకు తెలిసిన పేర్లు ఈ నెలలోనే చెప్పండి, వరుసతో సహా చెప్పండి, మేనత్తో, పినతల్లో, తోటికోడలో. యువతీ యువకులారా, మీరు వ్రాయండి. వ్రాసినదాన్ని ఎక్స్‌పోర్టు చేసేముందు ఆ ఒక్క వరుస చూడండి.