పాత రేడియోకు క్రొత్త గుడ్డ

బెజవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. ఆనాటి తరపు పెట్టె యొకటి జి. కొండూరిలోని మా యింటి అటుకపై దొరకినది. స్పీకరు ముందరి గుడ్డను ఎలుకలు కొరికినవి. నేను తొందరపడి దళసరి దుప్పటిగుడ్డ బిగించితిని; గాయకుని గొంతు గోనెసంచిలో దూరినట్లయ్యెను! నోటి కడ్డముగా పట్టి ఊదినచో ఊపిరి సుళువుగా దాటు పలుచని నేతయే కావలెను.

మొదట స్పీకరును విప్పి దూరముగా ఉంచవలెను. దాని అయస్కాంతము స్క్రూడ్రైవరును లాగుకొనును. కాగితపు గరాటు చిరిగినచో గుడ్డ యెంత మంచిదైనను ప్రయోజనము లేదు. పిదప వేడినీటి తడిగుడ్డతో పలకపై పాత బంకను మెత్తపరచి, పడుగు పేకలు వంకరపోకుండ క్రొత్తగుడ్డను లాగి, అంచులకు మాత్రమే బంక పూయవలెను.

పాతగుడ్డను పారవేయకుడు. వెనుకకు మడిచిన అంచున, వెలుతురు సోకని చోట, అసలు రంగు నిలిచియుండును. మాది మగ్గిన రసపుపండు పసుపు, ఇన్నాళ్లును మట్టిరంగనుకొంటిమి.