శీతకాలమున పడవను, వలను, బుట్టను పదిలపఱచుకొనుట

హుకుంపేటయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము



కార్యనిర్వాహకులు మమ్ము విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కోరిరి. ముప్పది సంవత్సరములకు పైగా మేము బడిలో ఆ పనియే చేసితిమి. దానిని మాకంటె బాగుగా చెప్పగలవారు ఈ వేదికపైననే నలుగురు కూర్చుండియున్నారు. కావున మేము నేడు పడవను గూర్చియు, వలను గూర్చియు, చేపలబుట్టను గూర్చియు నాలుగు మాటలు విన్నవింతుము. నవ్వవలదు. పంతులు పడవ మాట యెత్తుటకు కారణము కడపట తెలియగలదు.

1901వ సంవత్సరపు చెన్నరాజధాని జనాభాలెక్కల నివేదికయందును, 1909లో వెలువడిన థర్‌స్టన్ దొరగారి కులముల గ్రంథమునందును మన భగతలను గూర్చి చిన్న ప్రస్తావన గలదు. మనవారు మంచినీటి చేపలను పట్టువారనియు, పొడవైన యీటెతో చేపను పొడుచుటలో నేర్పరులనియు, దసరానాడు చేపలబుట్టలను పూజింతురనియు అందున్నది. దానితోపాటు త్రిశూలమువంటి దానినొకదానిని పూజింతురనియు, కారణము మాత్రము బోధపడదనియు వ్రాసిరి. వ్రాసినవారికి బోధపడకపోవుట వింత కాదు. చేపను పొడుచు ఈటెకు మూడు ముండ్లుండిన అది త్రిశూలము గాక మఱేమగును? ఇది మా యూహయే; కాని ఈ సభలోని వృద్ధులు తలలూపుచున్నారు గనుక దానిని విడువము.

మా చిన్ననాట దసరాకు ముందునాడే పెద్దలు బుట్టలను ఏటినుండి యింటికి తెచ్చెడివారు. ఇప్పుడు దసరానాడు మన వాకిళ్లలో మోటారుసైకిళ్లకు బంతిపూలదండలు వ్రేలాడుచున్నవి. తప్పు లేదు, అదియు వాహనమే. కాని బుట్ట యేదియని యడిగితిమా, "ఏటిలోనే యున్నది మాష్టారూ" యని బదులు వచ్చుచున్నది.

ఇచ్చట మా మనవి యొక్కటే. ఆ పూజ వట్టి పూజ కాదు. దేవతకు బురద బుట్టను చూపరాదు గదా! పూజింపవలెనన్న దానిని ఇంటికి తేవలెను, కడుగవలెను, ఆరబెట్టవలెను. కడుగునపుడు విఱిగిన పుల్ల కంటబడును; వరుసగా పెట్టునపుడు ఎన్ని యున్నవో, ఎన్ని కొట్టుకొనిపోయినవో లెక్క తేలును. పెద్దలు ఇన్ని పనులను ఒక నమస్కారములో మూటగట్టి, మఱచిపోకుండ పంచాంగములో నొక దినము నేర్పఱచిరి. మనము నమస్కారము నుంచుకొని మూటను పాఱవైచితిమి.

దసరానాటికి వానలు తగ్గుముఖము పట్టును. పొలముల నీరు గెడ్డలకును, గెడ్డల నీరు మత్స్యగెడ్డకును దిగును. ఆ దిగుడునీటికి మావులు పెట్టుట మఱి కొన్నాళ్లు సాగును. మార్గశిర పుష్యములు వచ్చుసరికి హుకుంపేట, పాడేరు, అరకు ప్రాంతములందు రాత్రి చలి పది డిగ్రీలకు లోపలికి దిగును. చేప శరీరపు వేడి నీటి వేడినిబట్టి యుండును. నీరు చల్లబడినకొలది దాని కదలిక మందగించును, మేత తగ్గును, లోతు మడుగును వెదకికొనును. బుట్టలోనికి తనంత తాను నడచి రాదు. ఇక బుట్టను నీటిలో నుంచుట వెదురును కుళ్లబెట్టుటకు మాత్రమే.

ఇట్టి విరామము మనకు మాత్రమే కాదు. ఉత్తరపు శీతలదేశములలో సరస్సులు గడ్డకట్టును. నీటిలో విడిచిన పడవను మంచు నొక్కి పలకలు పగులగొట్టును. అందుచే అచ్చటివారు చలి ముదురకముందే పడవను గట్టెక్కించి బోర్లింతురు. మన విశాఖపట్టణపు సముద్రతీరమున విరామము వేసవిలో వచ్చును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము. ఆ దినములలోనే అచ్చటివారు పడవలకు మరమ్మతులు చేయించుకొందురు. మనకు చలియే నిషేధము. ఈ మండలమునందే మఠము గ్రామముకడ మత్స్యగుండమున్నది. అచ్చటి చేపను ఏ ఋతువునందును ఎవరును పట్టరు. మత్స్యలింగేశ్వరుని చేపలని మ్రొక్కి మేత వేయుదురు. వేటకాండ్రమైన మనమే ఒక మడుగునకు నిత్యవిరామ మిచ్చినవారము. మన పనిముట్లకు మూడు నెలల విరామ మీయలేమా?

బుట్ట సంగతి స్వల్పము. ఏటినీటిలోనే నాచును, బురదను పుల్లపుల్లకును రుద్ది కడిగి, నీడపట్టున గాలికి వ్రేలాడదీయవలెను. తడి పూర్తిగా ఆఱిన పిమ్మట పొయ్యిమీది యటకపై పెట్టవలెను. పొగ తగిలిన వెదురును పురుగు అంత సులభముగ ముట్టదు. గ్యాసుపొయ్యి వచ్చిన యిండ్లలో పొగ యెక్కడిదని కోడండ్రు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే, వారి కన్నులకు పొగ తప్పినందుకు సంతోషమే. అట్టివారు నీళ్లు కాచు పొయ్యి మీదనో, పశువులపాకలో దోమలకు పొగవేయుచోటనో వ్రేలాడదీయవచ్చును. ఈటె ముండ్లకును, గాలములకును త్రుప్పు గీకి నూనె వ్రాసి, పాతగుడ్డ చుట్టి, పిల్లల చేతి కందనియెడ నుంచవలెను.

వలను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. పూర్వము నూలువల. అది తడిసిన కుళ్లును గనుక చెట్టుబెరడు కషాయములో ముంచి వన్నె కట్టించి, ఎండలో ఆరవేసెడివారు. ఇప్పుడు నైలానువల. అది కుళ్లదు. కుళ్లదను ధైర్యముతోనే దానిని చెడగొట్టుకొనుచున్నాము. నూలుకు తడి శత్రువు, నైలానుకు ఎండ శత్రువు. తాత నూలువలను కంచెమీద ఎండవేసెనని మనుమడు నైలానువలను నెలల తరబడి కంచెమీదనే విడుచుచున్నాడు. చూపునకు చెక్కుచెదరదు, వేసవి గడచి చేప తగిలిననాడు దారము పుటుక్కున తెగును. వలను మంచినీట జాడించి, ఆకును పుల్లను ఏఱివైచి, నీడలో ఆరవేయుడు. చినిగిన కన్నులను అప్పుడే, వెలుతురుండగనే అల్లుడు. "వేటకు ముందు చూతము" అన్న వల వేటకు ముందు ఎన్నడును చూడబడదు. బెండ్లు ఒకవైపునకు, గుండ్లు ఒకవైపునకు వచ్చునట్లు మడచి, గోనెసంచిలో పెట్టి, దూలమునుండి త్రాటితో వ్రేలాడదీయుడు. గోడమూల పెట్టిన వల ఎలుకకు పురిటిల్లు. ఇక బాగుపడని వలముక్కను ఏటిలో విసరవలదు. అది అచ్చటనే యుండి, పట్టువాడు లేకున్నను చేపను పట్టుచునే యుండును. నీటికోళ్ల కాళ్లకును చుట్టుకొనును.

ఇక పడవ. మత్స్యగెడ్డ క్రిందికి పోయి పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతములవైపున జోలాపుట్టు జలాశయమై విరియును. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో ప్రారంభమైనది. ఆ నీటి వెలుగు ఎన్ని పట్టణములకో చేరినది; ఆ నీటి యొడ్డునగల పలు గూడెములకు మాత్రము నాటుపడవయే బాట యైనది. సంతకు పడవ, ఆసుపత్రికి పడవ, బడికి పడవ. చేపలకొఱకు వేసిన పడవలోనే పురిటినొప్పుల యాడుబిడ్డను దాటించిన దినములు మీ యెఱుకలోనివే. కావున పడవ మాట వేటమాట మాత్రమే కాదు.

పలకల పడవను చలికాలమున ఎత్తిపెట్టువారు మంచి యెండకాయు దినమును చూచుకొనవలెను. గుండ్రని దుంగలు అడుగున వేసి, నలుగురు పట్టి, నీరు మరల పెరిగినను అందని మెఱకకు దొర్లింపవలెను. ఈడ్చినచో అడుగుపలక అరుగును. లోపలి మట్టిని, చేపపొలుసును, నాచును గీకి కడుగవలెను. మట్టి నిలిచినచోటనే చెక్క మెత్తబడును. పిమ్మట రెండు దుంగలమీద, నేలకు మూరెడెత్తున బోర్లింపవలెను. నేల నంటినచో చెదలు పట్టుటకు ఒక్క వానకాల మక్కఱలేదు, ఒక్క చలికాలము చాలును. బోర్లించిన రెండు వారములకు చెక్క ఆఱును. అప్పుడు మేకు తలలను, అతుకులను వ్రేలితో తడిమి చూడవలెను. చాకుమొన సులభముగ దిగినచోట చెక్క చచ్చినదని యెఱుగవలెను. అట్టి ముక్కను మార్పవలెనే కాని తారుతో కప్పరాదు. తారు కంటిని మోసగించును, నీటిని మోసగింపదు. గట్టి చెక్కల నడుమ సందులను ప్రత్తియో, పీచో దట్టించి, నూనెలో కరగించిన గుగ్గిలముతోగాని, తారుతోగాని మూయవలెను.

పగటి యెండ, రాత్రి మంచు, మరల పగటి యెండ: మన కొండలలోని ఈ మార్పు పలకకు కీడు. పడవపై గడ్డి కప్పుడు, ప్రక్కలనుండి గాలి యాడనిండు. ప్లాస్టిక్ పట్టాను బిగించి కట్టువారు మేలుచేయుచున్నామని తలంతురు. లోపల చెమ్మ నిలిచి చెక్క మ్రగ్గును. మొద్దు దొలిచిన దోనెకు న్యాయము వేఱు. దానిని మిక్కిలి ఎండనిచ్చిన కొనలయందు నెఱ్ఱెలు విచ్చును. దోనెను చెట్టునీడనో, లోతులేని నీటిలో ముంచియో యుంచుట మేలు.

ఇంతవఱకు చెప్పినది ఎత్తిపెట్టుట. మరల దింపుట ఇంతకంటె ముఖ్యము. ఎండిన పలక కుంచించును, అతుకులు విచ్చును. దానిని నేరుగ నడినీటికి త్రోయరాదు. ఒడ్డున మోకాటిలోతు నీటిలో కట్టివైచి, లోపల నీరు నింపి, రెండు దినములు నాననీయవలెను. చెక్క ఉబ్బి సందులు తమంత మూతపడును. తరువాత నీరు తోడి, ఒక రాత్రి ఉంచి, తెల్లవాఱి ఎంత నీరు ఊరినదో చూచి, అప్పుడు మనిషిని ఎక్కింపవలెను.

మేము 1990వ దశకమున ఈ ప్రాంతపు బడి యొకదానియందు తెలుగు పండితులముగా నుంటిమి. సాయంకాలములందు నలుగురైదుగురు బాలురచేత అమరకోశము వల్లె వేయించెడివారము. వారిలో నీటియొడ్డు గూడెపు కుఱ్ఱవాడొకడు వారివర్గమును ఇతరులకంటె త్వరగా పట్టెను. ఆ మాటలన్నియు వాని యింటివే గదా! జాలమనిన వల, బడిశమనిన గాలము, కువేణియనిన చేపలబుట్ట, ద్రోణియనిన మన దోనెయే, అరిత్రమనిన తెడ్డు, సేకపాత్రమనిన పడవలోని నీరు తోడు పాత్ర. "పడవ చేసిననాడే కారుట గూడ పుట్టినదా మాష్టారూ?" యని వాడు నవ్వెను. మేమును నవ్వితిమి.

ఆ యేడు వేసవిసెలవులకు వాడు ఇంటికి పోయెను. వారి పడవ చలికాలమంతయు, వేసవియంతయు గట్టుమీద వెల్లకిల పడియుండెను. జూన్ నెలలో బడి తెఱచినదని తండ్రి దానిని నాననీయక నీటిలోనికి త్రోసి, కొడుకు నెక్కించుకొని బయలుదేఱెను. నడినీటికి చేరుసరికి అతుకులన్నియు నీరు వదలెను. తోడుటకు పాత్ర లేదు, ఇంటిలో మఱచిరి. తండ్రి ఈదెను. కుఱ్ఱవానిని మఱునాడు తెచ్చిరి.

మేము ఆ తండ్రిని ఎన్నడును తప్పుపట్టలేదు. సేకపాత్రమనుమాట నేర్పినవారము మేము. మీ పడవలో అది యున్నదా యని యడుగనివారమును మేమే. ఈ మాట ఇన్నేండ్లుగా ఏ సభలోను చెప్పలేదు. మొన్న మా మేనల్లుడు పడవను గట్టున వెల్లకిల విడిచి వచ్చెనని విని, ఈసారి చెప్పక తప్పదనుకొంటిమి.

పోషక మహాశయులకు ఒక విన్నపము. మీరు మాకు కప్పిన శాలువ వెచ్చగనే యున్నది. చలికాలము గనుక వద్దనలేదు. వచ్చు సంవత్సరమునుండి ఈ సన్మానముల వ్యయమును కూడబెట్టి, నీటియొడ్డు గూడెములలో పడవలకొఱకు ఒక్కొక్క గడ్డిపాకయు, నాలుగేసి దుంగలును, తారును సమకూర్చుడు. ప్రతి పడవకును నీరు తోడు డబ్బా యొకటి, త్రాటితో పడవకే కట్టి, మీ చేతులతో ఇండు. పిల్లలకు నీటిలో తేలు రక్షణచొక్కాలు కొనగలిగితిరా, సన్మానపత్రముకంటె మాకు ప్రియము. అమ్మలారా, బుట్ట అల్లుట, వల అల్లుట తెలిసిన ముసలివారు మీ యిండ్లలో నుండగనే పిల్లలను ఈ చలికాలమున వారిచెంత కూర్చుండబెట్టుడు. కాఫీ పండ్లకోతలకు పోయివచ్చిన సాయంకాలములు చాలును.

రేపు ఉదయము మంచు విడిన పిదప, తొమ్మిది గంటల వేళకు, మత్స్యగెడ్డ యొడ్డున మా మేనల్లుని పడవను బోర్లించి, కడిగి, అతుకులు కట్టి చూపెదము. మా నడుము సహకరింపదు గనుక పడుచువాండ్రు నలుగురైన రావలెను. దుంగలు అచ్చటనే యున్నవి. తారుడబ్బాను మేము తెత్తుము. పాతగుడ్డలును, గీకుటకు కొడవళ్లును ఎవరివి వారు తెచ్చుకొనుడు.