బొంత వెల ఎంత?

(వార్షిక సమావేశంలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఆదోని, ఎమ్మిగనూరు బడుల్లో పాఠాలు చెప్పుకునే కొందరు ఉపాధ్యాయులం. ఈ వేదిక మీద మాకు ఎప్పుడూ ఇచ్చే అంశాలు స్కాలర్‌షిప్పులు, పదో తరగతి ఫలితాలు. ఈసారి వాటిని పక్కన పెట్టి ఒక బొంత గురించి మాట్లాడతామని అడిగాం. పెద్దలు నవ్వి ఒప్పుకున్నారు. వారి నవ్వు వృథా కాకుండా చూస్తాం.

బొంత అంటే ఏమిటో మన సీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. పాత చీరలు, పంచెలు, దుప్పట్లు పొరలు పొరలుగా పరిచి, పైన రంగుల ముక్కలు పేర్చి, అంచు నుంచి అంచు దాకా సన్నటి కుట్లు వేస్తే బొంత. పక్కన కర్ణాటకలో దీన్నే కౌది అంటారు. మనలో చాలామందిమి పుట్టిన రోజున పడుకున్నది అవ్వ కుట్టిన బొంత మీదే. కొత్త గుడ్డ పసిబిడ్డ ఒంటికి గరుకుగా ఉంటుందని, వంద ఉతుకులు చూసిన చీరనే వెదికి కుట్టేవారు.

ఆదోనిలో మా దగ్గర పదో తరగతి వరకు చదివిన ఒక అమ్మాయి ఉంది. ఆమె పేరు చెప్పం, ఎందుకో చివర్లో చెబుతాం. ఇప్పుడామెకు ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. తాతల కాలంలో వారిది దూది ఏకే కుటుంబం. ఆదోని పత్తికి పేరు పడిన ఊరు. పత్తి ఉన్న చోట దూదేకులవారు ఉండడం సహజం. విల్లు భుజాన వేసుకుని వీధి వీధి తిరిగి, ఇంటి ముందే దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టి ఇచ్చేవారు. ఆ విల్లు చప్పుడు మాలో పెద్దవారికి ఇంకా గుర్తు. దూది ఏకే యంత్రాలు వచ్చాయి, ఫోము పరుపులు వచ్చాయి, విల్లు అటక ఎక్కింది. ఆ ఇంట్లో మిగిలింది అవ్వ చేతి సూది. అవ్వ దగ్గర ఆ అమ్మాయి బొంత కుట్టడం నేర్చుకుంది.

పగలు ఆమె జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. ఇంటి ఖర్చు దానితో గడుస్తుంది. ఇషా నమాజు అయి పిల్లలు పడుకున్నాక బొంత ముందేసుకుంటుంది. ఒక రాత్రి రెండు వరుసలు పడితే పడతాయి, లేకపోతే లేదు. టైలర్ కొట్లలో మిగిలిన ముక్కలు, ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇళ్లనుంచి తెచ్చుకున్న తుండు గుడ్డలు సంచుల్లో దాచుకుంటుంది. ఒక బొంతలో మన షాహీ జామియా మసీదు కమానుల వరుసను గుడ్డ ముక్కలతో పేర్చింది. ఇంకొక దానిలో ఆదోని కొండ రాళ్ల బూడిద రంగు, వాటి సందుల్లో వానాకాలపు పచ్చదనం. ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చూడలేదు. ప్రతి బొంతలోనూ ఒక మూల చిన్న ఎర్ర ముక్క పెడుతుంది. ఎందుకమ్మా అని అడిగితే, "ఇది నేను కుట్టిందని నాకు తెలియాలి గదా సార్" అంది.

కొన్నేళ్ల కింద ఆమె తన బొంత ఫోటో ఒకటి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. హైదరాబాదులో ఉండే బంధువుల స్నేహితురాలు ఎవరో చూసి కావాలన్నారు. అప్పుడామె మా దగ్గరికి వచ్చి, ఎంత అడగాలి అంది. మేము పెద్దమనుషుల్లా ఆలోచించి, తొమ్మిది వందలు అడుగు, ఎక్కువ చెబితే ఎవరూ కొనరు అన్నాం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచి ఇచ్చాం. మిద్దె మీద పొద్దుటి వెలుతురులో ఫోటో తీయడం, కొలతలు రాయడం, అట్టపెట్టెలో మడిచి కొరియర్‌కు ఇవ్వడం అన్నీ నేర్చుకుంది. ఆరు బొంతలు వరసగా అమ్ముడయ్యాయి. మేము మురిసిపోయాం.

ఏడో బొంతకు మాలో లెక్కలు చెప్పే ఒకరు ఆమె చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, కూర్చున్న ప్రతిసారీ గంటలు రాయమన్నారు. బొంత పూర్తయ్యేసరికి 62 గంటలు అయింది. గుడ్డ, దారం 320 రూపాయలు. కొరియర్ 160. ప్యాకింగ్ 60. తొమ్మిది వందల్లో ఆమెకు మిగిలింది 360. అంటే గంటకు ఆరు రూపాయలు కూడా రాలేదు. మేలు చేశామనుకుని మేమే ఆమె శ్రమను చవకగా అమ్మించాం. ఈ తప్పు ఏ దళారీదీ కాదు, మాది. మరొకరు అలా చేయకూడదనే ఈ సభలో ఒప్పుకుంటున్నాం.

తర్వాత గంటకు 40 రూపాయలు వేసి మళ్లీ లెక్క కట్టాం. ఎనిమిది గంటల రోజుకు 320 రూపాయలు, ఇదేమీ గొప్ప కూలి కాదు. అయినా బొంత వెల 2,900 అయింది, కొరియర్ అదనం. ఆ వెల పెట్టాక రెండు నెలలు ఒక్క ఆర్డరూ రాలేదు. వచ్చిన ప్రశ్నలన్నీ ఒకటే: "పాత గుడ్డల దుప్పటికి ఇంతా?" తొమ్మిది వందలకే దించుదామా అని మాకే అనిపించింది. ఆమె మాత్రం ఆ రెండు నెలలూ కుడుతూనే ఉంది. అమ్ముడుపోకపోతే మా పిల్లలు కప్పుకుంటారు అంది.

మూడో నెలలో బెంగళూరు నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అందులో నాలుగు చీరలు. చనిపోయిన తల్లి చీరలవి, కూతురు పంపింది. వాటితో బొంత కుట్టి ఇమ్మంది, వెల మాట ఎత్తనే లేదు. ఆ చీరల మీద కత్తెర పెట్టడానికి మా అమ్మాయికి రెండు రోజులు చెయ్యి రాలేదు. చివరికి కొంగుల్ని కోయకుండా నాలుగు వైపులా అంచులుగా నిలిపి, నడుమ మాత్రమే ముక్కలు చేసింది. అప్పటినుంచి చాలా ఆర్డర్లు అలాంటివే వస్తున్నాయి. అంగట్లో దొరికే దుప్పటితో వీటి వెలను ఎవరూ పోల్చరు. కిందటేడాది ఆమె కుట్టినవి పదకొండు బొంతలు. ఆ డబ్బుతో ఇల్లు గడవదు. కానీ పిల్లల బడి ఫీజుకు ఆమె ఎవరినీ అడగలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఒక పెద్ద ఊరి వ్యాపారి ఫోను చేసి, కమానుల బొంత లాంటివే యాభై, ఒక్క నెలలో, ఒక్కొక్కటి వెయ్యి రూపాయలకు కావాలన్నాడు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోమన్నారు. మేమూ ఒప్పుకోమన్నాం, యాభై వేలు చిన్న మాటా? ఆమె వద్దంది. "అన్నీ ఒకే మాదిరి కుట్టేదానికి మిషన్ ఉంది గదా సార్, నేనెందుకు?" అంది. ఈ పిల్లకు పొగరెక్కిందేమో అనుకున్నాం. ఆ రాత్రి లెక్క వేస్తే తెలిసింది. యాభై బొంతలకు 3,100 గంటలు. ముప్పై రోజుల నెలలో ఉన్నవే 720 గంటలు. బడిలో పిల్లలకు చెప్పే గుణకారం మాకే గుర్తుకు రాలేదు.

మన ఎమ్మిగనూరు చరిత్రలో ఈ విషయానికి ఒక పాఠం ఉంది. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సహకార సంఘం అనేది నేతగాడికి చేసే పని సూటిగా ఉంటుంది: నూలు ఇస్తుంది, నేత కూలి ఇస్తుంది, గుడ్డ అమ్మే బాధ్యత తాను తీసుకుంటుంది. అప్పు ఇచ్చినవాడే నూలు ఇచ్చి, వాడే వెల కట్టే పద్ధతిలోంచి బయటపడే దారి అది. ఎమ్మిగనూరు దుప్పట్లకు, తువ్వాళ్లకు దూరప్రాంతాల్లో పేరు వచ్చింది ఆ దారిలోనే. తర్వాత మరమగ్గాల పోటీతో చేనేత కష్టాల్లో పడిన మాటా నిజమే. అయినా పాఠం పాఠమే. చేతి పనివానికి కొనేవాడు ఒక్కడు దొరికితే చాలదు. సరుకుకు పెట్టుబడి, న్యాయమైన కూలి, వెనక నిలబడే నలుగురు కూడా ఉండాలి. ఇప్పటి ఫోను ఆ అమ్మాయికి కొనేవారిని చూపించింది. మిగతా మూడూ ఫోను ఇవ్వదు. అవి మనం ఇవ్వాలి.

దూరదేశపు ఉదాహరణ ఒకటి చెబుతాం. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. పత్తి చేలల్లో బానిసలుగా పనిచేసినవారి సంతతి అక్కడి నల్లజాతి స్త్రీలు. చిరిగిన పని బట్టలతో చలికి బొంతలు కుట్టుకునేవారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. 2002లో వారి బొంతలను హ్యూస్టన్‌లోనూ, ఆ తర్వాత న్యూయార్క్‌లోనూ మ్యూజియం గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు వేసింది. 2021లో ఆ స్త్రీలలో కొందరు ఎట్సీ అనే వెబ్‌సైటులో తమ పేర్లతోనే దుకాణాలు తెరిచి, తమ బొంతలు తామే అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఈ అరవై ఏళ్లలో సూది మారలేదు, చిరుగు గుడ్డా మారలేదు. చూసేవారి కళ్లు మారాయి.

చేతి పనికి మన దీన్‌లో ఉన్న గౌరవం ఈ సభకు మేము కొత్తగా చెప్పేది కాదు. విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తన చేతులతో తోళ్లు పదును చేసి, కుట్టి, వచ్చినదాన్ని దానం చేసేవారు. తన భార్యలలో ఎవరి చేయి పొడవో వారే తనను ముందుగా కలుసుకుంటారని దైవప్రవక్త (స) చెప్పిన మాటకు అర్థం ఆమె మరణం తర్వాతే మిగతావారికి తెలిసింది. పొడవైన చేయి అంటే పని చేసి పెట్టే చేయి. అలాగే కొలతలో తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తూ ఖుర్‌ఆన్‌లో ఒక సూరానే ఉంది, అల్-ముతఫ్ఫిఫీన్. మనం బియ్యాన్ని, బంగారాన్ని సరిగానే తూస్తాం. ఒక ఆడమనిషి రాత్రిపూట కూర్చుని కుట్టిన గంటలను మాత్రం తూకం వేయం.

ఇప్పుడు దాతలకు మా మనవి. జకాత్ సొమ్ము దానికి అర్హులైనవారికే పోవాలి, అందులో మార్పు లేదు. మేము అడిగేది విడిగా ఇచ్చే విరాళాల గురించి. ఏటా మనం కుట్టు మిషన్లు పంచుతున్నాం. మంచి పనే. కానీ పంచిన ఏడాది తర్వాత ఆ ఇళ్లకు వెళ్లి చూసిన మాకు కొన్ని మిషన్లు గుడ్డ కప్పి మూలన కనిపించాయి. మిషన్ ఉంది, గుడ్డ కొనడానికి డబ్బు లేదు, కొనేవారు తెలియదు.

అందుకే మొదట ఒక చిన్న ఖర్జె హసనా నిధి పెట్టమని కోరుతున్నాం. గుడ్డకూ దారానికీ రెండు మూడు వేలు, వడ్డీ లేకుండా. సరుకు అమ్ముడయ్యాక తిరిగి కట్టాలి, ఆ డబ్బు ఇంకొకరికి పోవాలి. మా అమ్మాయి అలాంటి అప్పు మాలో ఒకరి దగ్గర తీసుకుని నాలుగు నెలల్లో తీర్చింది.

రెండోది, సంఘం గదిని ఆదివారాలు తెరిచి ఉంచండి. ఫోటో తీయడం, గంటలు రాయడం, వెల కట్టడం, పార్సిల్ కట్టడం మేము వంతులవారీగా నేర్పుతాం. మాకు జీతం అక్కరలేదు. హస్తకళాకారులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డుకు దరఖాస్తులు కూడా అక్కడే నింపిస్తాం. ఆన్‌లైన్ అంటే జీఎస్టీ అని భయపడేవారికి ఒక మాట. 2023 అక్టోబరు 1 నుంచి, నిర్ణీత పరిమితి లోపు అమ్మకాలు ఉన్న చిన్న విక్రేతలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే, ఒక నమోదు సంఖ్య తీసుకుని, ఆన్‌లైన్ కంపెనీల ద్వారా తమ రాష్ట్రం లోపల సరుకు అమ్ముకోవచ్చు.

మూడోది డబ్బుతో పనిలేనిది. ఈ స్త్రీల దగ్గర ఏమైనా కొంటే బేరం ఆడకండి. జాలిపడి అసలే కొనకండి. నచ్చితే కొనండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి. జాలితో కొన్న బొంత బీరువాలో మగ్గుతుంది, కుట్టినామెకు తన పని ఎలా ఉందో ఎన్నటికీ తెలియదు. ఒక మంచి కుట్టును చూసి "ఇక్కడ ఈ రంగు ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగితే, ఆమెకు అది వంద రూపాయల కంటే ఎక్కువ.

చివరగా ఆ పేరు సంగతి. ఈ సంచిక కోసం ఆమె ఫోటో కావాలని కార్యవర్గం వారు మమ్మల్ని అడిగారు. సహాయం పొందినవారి పేజీలో వేద్దామన్నారు, సదుద్దేశంతోనే. మేము వెళ్లి అడిగితే ఆమె కాసేపు ఊరకుండి, "నా ఫోటో వద్దు సార్, బొంత ఫోటో వేయండి. కింద వెల కూడా వేయండి" అంది. కాబట్టి ఈ సంచికలో ఆమె ముఖం లేదు, పేరు లేదు. బొంత ఫోటో ఇచ్చాం. ఎర్ర ముక్క ఏ మూలన ఉందో మీరే వెదకండి.