శవ పంచనామా: ఎవరి కళ్లు, ఎవరి సంతకం?

(బొల్లారంలో బస్తీ, పల్లె కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడలో ఒక మనిషి అన్యాయంగా పోతే ముందు ఏడుపు, ఆ వెనుకనే పోలీసు జీపు. మనం ఏడుస్తుండగానే వాళ్లు రాసేస్తారు. మనం కళ్లు తుడుచుకునేసరికి కాగితం తయారు. "ఈడ సంతకం పెట్టు, శవాన్ని జల్ది ఇప్పిస్త" అంటారు. చదివి వినిపించమని అడిగేవాడు ఉండడు. ఆ కాగితమే శవ పంచనామా. ఏళ్ల తరబడి కోర్టులో నడిచే కేసు దాని మీదనే నిలబడాలె. అందుకే ఈరోజు ఆ ఒక్క కాగితం గురించి మాట్లాడుకుందాం.

బొంబాయి, కలకత్తాలలో ఒకప్పుడు ఈ పనికి కరోనర్ అని వేరే అధికారి ఉండేవాడు. మన దగ్గర స్టేషన్ అధికారే చేస్తాడు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్. అంతకు ముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174. హత్య, ఆత్మహత్య, యాక్సిడెంటు, మిషన్‌లో పడి చావు, అనుమానం ఉన్న చావు, ఏదైనా సరే, కబురు అందగానే పోలీసు అధికారి మేజిస్ట్రేటుకు తెలిపి, శవం ఉన్న చోటికి వచ్చి, ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు గౌరవస్తుల ముందు శవాన్ని పరీక్షించి రాయాలె. మన బొల్లారం కంటోన్మెంటు కదా, మిలిటరీ వాళ్లు చూసుకుంటారేమో అని కొందరు అనుకుంటారు. కాదు. బస్తీలో మనిషి చచ్చిపోతే ఇక్కడా సివిల్ పోలీసులదే ఆ బాధ్యత.

ఇక్కడే మొదటి పేచీ ఉంది. ఎవరు గౌరవస్తులు? ఊళ్లో అయితే సర్పంచి, పటేలు, దొరగారి మనిషి. బస్తీలో అయితే కాంట్రాక్టరు, ఇంటి ఓనరు. చంపినవాడి చుట్టమే పంచుగా కూర్చుంటే చచ్చినవాడి దెబ్బలు కాగితం మీదికి ఎట్లా వస్తాయి? గౌరవస్తుడంటే భూమి ఉన్నవాడనీ, పెద్ద కులం వాడనీ చట్టంలో ఎక్కడా లేదు. చెప్పులు కుట్టే పెద్దాయన గౌరవస్తుడే. డప్పు కొట్టే మన తాత గౌరవస్తుడే. రోడ్లు ఊడ్చే మన అక్క గౌరవస్తురాలే. "మా వాళ్లను కూడా పంచులుగా పెట్టండి" అని గట్టిగా అడగాలె. ఒకరన్నా చదువు వచ్చినవాళ్లు ఉండేటట్టు చూసుకోవాలె.

పంచనామా ఎందుకు అంత ముఖ్యమో చుండూరు చెబుతుంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని పోరాడితే 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చావులు ఏ సమయంలో జరిగాయో, ఎక్కడ జరిగాయో, కొట్టింది ఎవరో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదంది. ఆ తీర్పును మేము న్యాయం అనము. కానీ అది నేర్పిన పాఠం మరువము. ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా అన్న మూడు ప్రశ్నలకు జవాబు మొదటి రోజే కాగితం ఎక్కాలె.

కాబట్టి పోలీసులు వచ్చేలోపల, ప్రాణం లేదని తేలినాక, శవాన్ని కదిలించొద్దు, కడగొద్దు, బట్టలు మార్చొద్దు. ఉరి అయితే తాడు ముడి అట్లనే ఉండాలె. పురుగుల మందు డబ్బా, చెప్పులు, ఫోను ఎక్కడివక్కడ ఉండాలె. ఫోటోలు తీయండి. శవాన్ని మొదట చూసినది ఎవరు, ఎన్ని గంటలకు అన్నది రాసి పెట్టుకోండి.

పంచనామా జరిగేటప్పుడు దూరంగా నిలబడొద్దు. తల వెనుక, మెడ చుట్టూ, వీపు, అరిచేతులు, గోళ్లు, అరికాళ్లు చూపించమనండి. ఒక్కో దెబ్బ ఎక్కడ ఉంది, ఎంత పొడుగు, కమిలిందా, తెగిందా, విరిగిందా రాయించండి. బట్టలు తడిగా ఉన్నాయా, చిరిగాయా, రక్తం ఎక్కడ ఉంది రాయించండి. ఆడమనిషి శవం అయితే మన ఆడవాళ్లు దగ్గర ఉండాలె. మొదలుపెట్టిన టైము, ముగించిన టైము ఉండాలె. కేసు కట్టి ఉంటే క్రైం నంబరు కాగితం పైన ఉందో లేదో చూడండి. అది లేకపోతే, ఎఫ్.ఐ.ఆర్. తర్వాత పుట్టించారని రేపు అవతలి వకీలు అంటాడు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. చంపినవాళ్ల పేర్లు పంచనామాలో లేవని బెంబేలు పడొద్దు. పంచనామా పని చావుకు కారణం కనిపించినంత వరకు చెప్పడమే, ఎవరు కొట్టారన్నది దాని పరిధి కాదని మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, పెద్ద నారాయణ కేసులో, 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. పేర్లు, కులం పేరుతో తిట్టిన మాటలు ఫిర్యాదులో ఉండాలె. దెబ్బలు పంచనామాలో ఉండాలె. రెండూ వేరు.

ఇక సంతకం. పంచనామా మీద ఒప్పుకున్నవాళ్లే సంతకం చేయాలని చట్టమే అంటుంది. ఒప్పుకోకపోతే పెట్టనక్కర లేదు. తెల్ల కాగితం మీద వేలిముద్ర అసలే వేయొద్దు. చదివించుకుని, తప్పుంటే దిద్దించండి. దిద్దకపోతే అదే రోజు ఎస్.పి.కో, కమిషనర్‌కో, కలెక్టరుకో అర్జీ రాసి పంపి రసీదు దాచుకోండి.

తర్వాత పోస్టుమార్టం. ఈ చుట్టుపక్కల శవాలు ఎక్కువగా గాంధీ ఆస్పత్రికి పోతాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడబిడ్డ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానంగా చనిపోయినా, చుట్టాలు అడిగినా పోస్టుమార్టానికి పంపి తీరాలె. అనుమానం ఉంటే దహనం చేయొద్దు, పూడ్చండి. రెండోసారి పరీక్షకు దారి మిగులుతుంది. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన నలుగురికి ఇదే గాంధీ ఆస్పత్రిలో హైకోర్టు ఆదేశం మీద ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మళ్లీ పోస్టుమార్టం చేశారు. శవాలు ఉన్నాయి కాబట్టే అది జరిగింది.

పోలీసు కస్టడీలో చనిపోతే ఆ పోలీసుల పంచనామాతో సరిపోదు. 196వ సెక్షన్ కింద జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలె. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులకు వీలైనంత వరకు కబురు చేసి దగ్గర ఉండనివ్వాలె. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో ఒక దళిత స్త్రీ చనిపోతే, అడిగే సంఘాలు ఉన్నందుకే వ్యవహారం హైకోర్టు దాకా పోయింది, విచారణ జరిగింది, పోలీసుల ఉద్యోగాలు పోయాయి.

మ్యాన్‌హోల్‌లో మన పిల్లలు చస్తే "కాలు జారి పడ్డాడు" అని రాస్తారు. జారలేదు, దింపారు! ఎవరు దింపారు, తాడు, మాస్కు ఇచ్చారా లేదా రాయించండి. మురుగు కాలువ చావుకు 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు చెప్పింది. "కాలు జారి" అన్న రెండు మాటలు ఆ ఇంటి నోటికాడి కూడు తీసేస్తాయి.

అట్రాసిటీ కేసు అయితే డీఎస్పీ హోదా అధికారి దర్యాప్తు చేయాలె. ఎఫ్.ఐ.ఆర్. కాపీ పైసా లేకుండా ఇవ్వాలె. హత్య అయితే పరిహారం 8 లక్షల 25 వేలు, అందులో సగం పోస్టుమార్టం కాగానే ఇవ్వాలె. ఇవి దయాధర్మాలు కావు, మన హక్కులు.

ఇక్కడికి దగ్గరలోనే రాష్ట్రపతి నిలయం ఉంది. అంత పెద్ద గోడల పక్కనే మన బస్తీల్లో ఎవరు ఎట్లా చచ్చారో సరిగ్గా రాసే కాగితం కోసం మనం కొట్లాడవలసి వస్తున్నది. కొట్లాడదాం. ప్రతి వాడలో, ప్రతి బస్తీలో ఇద్దరు ఈ సంగతులు నేర్చుకుని సిద్ధంగా ఉండాలె. ఏడ్చేవాళ్లను ఏడవనివ్వండి. ఆ ఇద్దరు మాత్రం శవం పక్కన నిలబడి చూడాలె, అడగాలె, రాయించాలె.

జై భీమ్!